కిరీటం వదులైతే...

మావాడికి జాన్ సీనా అంటే ప్రాణం. చిన్నప్పుడు వాడి స్కూలు బ్యాగులో పుస్తకాల కన్నా కుస్తీవాళ్ల ట్రంప్‌కార్డులే ఎక్కువుండేవి. 'అదంతా ముందే రాసుకున్న ఆటరా, ఎవరు గెలుస్తారో వాళ్లకి తెలుసు' అని నేను వెక్కిరించేవాణ్ని. ఓరోజు ఠక్కున అడిగాడు...

'మరి మీ రాయబారంలో సంధి కుదరదని నీకు ముందే తెలీదా నాన్నా? ఎందుకేస్తున్నావ్?'

ఇంకేం మాట్లాడతాను? తెనాలి దగ్గర మా ఊళ్లో ఇరవై రెండేళ్లుగా కృష్ణుడి వేషం నాదే మరి!

2023 సెప్టెంబరు 8న హైదరాబాద్‌లో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియానికి నన్నూ లాక్కెళ్లాడు. సీనా మనదేశంలో బరిలోకి దిగడం అదే మొదటిసారట. అతను అడుగుపెట్టగానే కేకలతో హాలు దద్దరిల్లిపోయింది. నా జన్మలో నేను సంపాదించిన చప్పట్లన్నీ కలిపినా ఆ ఒక్క నిమిషానికి చాలవు. సేథ్ రోలిన్స్‌తో జతకట్టి అవతలి జంటను ఓడించాడు. ఆ రాత్రే ఆస్ట్రియా నుంచి వచ్చిన గుంథర్ కూడా ఆడాడుగానీ, నేను పెద్దగా పట్టించుకోలేదు.

తిరిగొస్తూ ఆటోలో అడిగాను. 'ఇంత పెద్దవాడు అడ్డంగా ఉంటే కొత్తవాళ్లు పైకెలా వస్తార్రా?'

'ఏళ్ల తరబడి అభిమానులు కొట్టుకునేది దానిగురించే నాన్నా' అంటూ మొదలుపెట్టాడు.

2010లో నెక్సస్ పేరుతో కొత్త కుర్రాళ్ల బృందం ఒకటి వచ్చింది. ఆ ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో ఏడుగురికి ఏడుగురు తలపడ్డారు. చివరికి ఇటు సీనా ఒక్కడు, అటు ఇద్దరు మిగిలారు. సీనా తలను కాంక్రీటు నేలకేసి కొట్టారు. ఇక అయిపోయిందనుకున్నారంతా. కాసేపటికే లేచి ఇద్దర్నీ ఓడించేశాడు! కుర్రాళ్లే గెలవాలని తాము వాదించామని సీనా జట్టులోనే ఆడిన ఎడ్జ్, జెరికో తర్వాత చెప్పారు. ఆ బృందం మళ్లీ ఆ ఊపు అందుకోలేదు.

వింటుంటే నాకు చెమట పట్టింది. అంతకుముందు ఏడాది శివరాత్రి నాటకం కళ్లముందు కదిలింది. పడకసీను. అర్జునుడి వేషం వేసిన పాతికేళ్ల కుర్రాడు పద్యం ఎత్తుకుంటే జనం ఊగిపోయారు. 'ఒన్స్‌మోర్' అని ఒకటే కేకలు. మళ్లీ పాడదామని వాడు హార్మోనిస్టు వైపు చూశాడు. నేను ఆగలేదు, నా పద్యం అందుకున్నాను. వాడు తల దించుకుని నిలబడ్డాడు. పొద్దుపోతోంది కదా అని అలా చేశానని అందరితో చెప్పుకున్నాను. అబద్ధం. ఆ కేకలు నాకోసం కాదని ఓర్చుకోలేకపోయాను.

'అయితే కొత్తవాళ్లని తొక్కేశాడంటావా?' అన్నాను మెల్లగా.

'అలాగని తేల్చెయ్యలేం. 2013లో డేనియల్ బ్రయాన్ చేతిలో ఏ వంకా లేకుండా ఓడాడు. 2015లో యునైటెడ్ స్టేట్స్ బెల్టు పట్టుకుని, వారం వారం ఎవరైనా రండని పిలిచాడు. కెవిన్ ఓవెన్స్ పెద్దజట్టులోకి వచ్చి ఆడిన మొదటి ఆటలోనే సీనాని పడగొట్టాడు. తర్వాత రెండుసార్లు సీనాయే గెలిచాడనుకో...'

కుస్తీలో గెలుపోటముల మీద చివరిమాట కంపెనీది. నాటకంలో ఏ వేషం ఎవరికన్నది సమాజం పెద్దలది. అయినా పేరున్నవాడి మాటకు ఎక్కడైనా బరువుంటుంది. పడేవాడు ఒళ్లు దాచుకోకుండా పడితేనే కొట్టినవాడు మొనగాడవుతాడు. కీచకుడు గట్టివాడైతేనే కదా భీముడికి చప్పట్లు!

2025 డిసెంబరు 14, ఆదివారం పొద్దున్నే మావాడు నన్ను లేపి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాడు. వాషింగ్టన్‌లో అప్పుడు శనివారం రాత్రి. సీనాకి ఆఖరి ఆట. నలభై ఎనిమిదేళ్ల వయసు, పదిహేడుసార్లు ప్రపంచ చాంపియన్. ఎదురుగా ఎవరో కాదు, గచ్చిబౌలిలో నేను పట్టించుకోని ఆ గుంథరే! అతని పట్టులోంచి బయటపడలేక సీనా చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. జనం గోలగోల చేశారు.

'చివరాటైనా గెలవచ్చుగా నాన్నా...' మావాడి గొంతు వణికింది.

నాకు మాత్రం ఆ పెద్దాయన మీద గౌరవం పెరిగింది. కాకపోతే నెక్సస్ కుర్రాళ్లు ఆ రాత్రి పోగొట్టుకున్నది ఈ ఓటమితో తిరిగి రాదు. మా అర్జునుడి ఒన్స్‌మోరూ అంతే.

ఆ మధ్యాహ్నం వాడికి ఫోన్ చేశాను. 'ఒరే, వచ్చే శివరాత్రికి కృష్ణుడు నువ్వే. పెద్దలతో నేను మాట్లాడతాలే.'

అటు కాసేపు చప్పుడు లేదు. 'మరి మీరు బాబాయ్?'

'ధృతరాష్ట్రుడు. కూర్చుని నీ పద్యాలు వింటాను.'

'మీ కిరీటం నాకు వదులవుతుందేమో బాబాయ్...'

'లోపల గుడ్డ కుక్కుకోరా. మొదటిసారి నేనూ అలాగే పెట్టుకున్నాను.'