చెరువులో బాణం గుర్తు

టైర్లు మారిస్తే కారు దారి మర్చిపోతుందా? కామారెడ్డిలో ఈ ప్రశ్న నేను అడగని మెకానిక్ లేడు. సగం మంది నవ్వారు. మిగతా సగం మంది "ఫోన్ల సూస్కోండ్రి సార్, గదెందుకు?" అన్నారు.

సంగతేమిటంటే, 2025 జూన్‌లో వానలు ముదరక ముందే నాలుగు టైర్లూ మార్పించాను. మంచు దేశాల్లో చలికాలానికి వేరే టైర్లు వేస్తారట. మనకా బాధ లేదు, వాన నీటిని పక్కకు తోసే గాట్లు లోతుగా ఉంటే చాలు. షాపులో మా సైజు అయిపోయిందని 185 బదులు 195 వేశారు. "గదే రిమ్ము సార్, ఏం ఫరక్ పడది" అన్నాడు షాపాయన. నిజానికి బండి మునుపటికన్నా గట్టిగా నిలబడింది, బ్రేకూ బాగా పట్టింది. చెడిందల్లా డాష్‌బోర్డులోని మ్యాపు.

మా అక్కావాళ్లుండేది ఎల్లారెడ్డిలో. ఆ దారిలో లింగంపేట దాటామో లేదో, తెర మీది బాణం గుర్తు రోడ్డు దిగి పొలాల్లో పడుతుంది. కాసేపటికి ఏ చెరువులోనో తేలి, తాపీగా వెనక్కి తిరగమంటుంది.

దీని వెనక లెక్క ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. మనం ఎక్కడున్నామో తేలాలంటే కనీసం 4 ఉపగ్రహాల సంకేతాలు అందాలి. చెట్ల కిందో, వంతెన కిందో అవి అందనప్పుడు మాలాంటి కార్లలోని యంత్రం చక్రాలు ఎన్ని చుట్లు తిరిగాయో లెక్కేసి, మలుపులు కొలిచే సెన్సరు సాయంతో దారిని ఊహించుకుంటుంది. 185/65 ఆర్15 టైరు ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు, 195/65 ఆర్15 అయితే 634. తేడా నూటికి 2. పాత టైర్లు అరిగి ఉంటాయి కాబట్టి అదీ కలిపితే 3 దాకా పోతుంది. అంటే కారు 10 కిలోమీటర్లు పోతే అది 9.7 అనుకుంటుంది. కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ నేను కొలిస్తే సరిగ్గా అంతే వచ్చింది.

అయితే ఇక్కడే నాకు అంతుపట్టనిది ఒకటుంది. ఈ తేడాను యంత్రాలు ఉపగ్రహాల కొలతతో పోల్చుకుని కొంతదూరం తిరిగాక తమంతట తామే సరిదిద్దుకుంటాయి. మాది వందల కిలోమీటర్లు తిరిగినా దిద్దుకోలేదు. పైగా ఆకాశం నిర్మలంగా ఉన్నచోట కూడా తప్పుతోంది. అంటే తప్పు టైరుది మాత్రమే కాకపోవచ్చు. టైర్లు మార్చేటప్పుడు ఏ వైరో కదిలిందా? యాంటెన్నాకేమైనా అయిందా? సర్వీసు సెంటర్‌లో అడిగితే కంప్యూటర్ తగిలించి "ఎర్రర్ ఏం లేదు సార్, టైర్ల షాపుల అడగండి" అన్నారు. టైర్ల షాపుకెళ్తే "మ్యాపుతోని మాకేం పని?" అన్నారు. ఒక కుర్రాడైతే నేను ఎల్లారెడ్డి బదులు ఎల్లారెడ్డిపేట కొట్టి ఉంటానని తేల్చాడు. అది సిరిసిల్ల జిల్లాలో ఉంది బాబూ, మాకు పూర్తిగా అటు దిక్కు!

ఫోనుంది కదా అనే మాటకు జవాబు ఆ ఆగస్టులోనే దొరికింది. 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో కురిసిన వాన మర్చిపోయేది కాదు. జాతీయ రహదారి దెబ్బతింది, భిక్నూరు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, పోచారం ప్రాజెక్టు పొంగి పొర్లింది. నీళ్లు కాస్త తీశాక, బావకు షుగర్ మందులు అయిపోయాయని అక్క కబురు పెడితే బయల్దేరాను. తెలిసిన రోడ్డు తెగిపోయింది, పక్క ఊళ్ల మీదుగా పొమ్మన్నారు. చీకటి పడింది. ఫోనులో సిగ్నల్ లేదు. సిగ్నల్‌తో పనిలేకుండా మ్యాపంతా కారులోనే దాచిపెట్టుకున్న యంత్రం పనికొచ్చేది సరిగ్గా అలాంటప్పుడే. దాని కోసమే కారు కొన్నప్పుడు అదనంగా డబ్బు కట్టాను. అది మమ్మల్ని చెరువు నడిమధ్య చూపిస్తోంది. మామూలు రోజుల్లో అయితే నవ్వుకునేవాణ్ని. ఆ రాత్రి మాత్రం రోడ్డేదో చెరువేదో నిజంగానే తెలియడం లేదు. తెర ఆర్పేసి, ప్రతి ఊళ్లో అరుగుల మీద కూర్చున్నవాళ్లను అడుగుతూ పోయాను. ఒక పెద్దమనిషి లుంగీ ఎగ్గట్టి, టార్చి పట్టుకుని కల్వర్టు దాకా ముందు నడిచాడు. గంటన్నర ప్రయాణం నాలుగు గంటలైంది. ఇన్సులిన్ చేరింది.

నాకు కావాల్సింది కొత్త యంత్రమూ కాదు, నష్టపరిహారమూ కాదు. ఎందుకిలా అవుతోందో ఒక్కరు చెప్తే చాలు. మెకానిక్‌కు కంప్యూటర్ ఎర్రర్ చూపించకపోతే రోగమే లేనట్టు. ఒకప్పుడు ఇంజను చప్పుడు విని ఫలానా బోల్టు అని చెప్పేవాళ్లుండేవారు. వాళ్లకు ఈ తెరలు తెలియవు, తెరలు తెలిసినవాళ్లకు చప్పుళ్లు తెలియవు. పోనీ పాత సైజు టైర్లే మళ్లీ వేయించి చూద్దామంటే, నిక్షేపంలా ఉన్న నాలుగు టైర్లు పీకించడానికి మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.

మొన్న కిలోమీటరు రాళ్ల దగ్గర మీటరు అంకెలన్నీ రాసి, బాణం ఎక్కడెక్కడ రోడ్డు దిగిందో గీసి, రెండు పేజీలు సర్వీసు సెంటర్‌లో ఇచ్చాను. మేనేజరు శ్రద్ధగా చదివి, "పైకి పంపిస్తా సార్" అని ఫైల్లో పెట్టాడు. పై అంటే ఎక్కడో అడిగాను. హైదరాబాద్ అన్నాడు. ఇంకా జవాబు రాలేదు.