ఉచిత ద్యూతము

జూదము చెడ్డదని చెప్పుట కొక వ్యాసము వ్రాయవలెనా యని చదువరులు మమ్ము ప్రశ్నింపవచ్చును. అక్కఱలేదు. ఋగ్వేదము పదవ మండలములోనే యొక జూదరి తన భార్య తన్ను రోసిన తీరును, అప్పులవారికి వెఱచి రాత్రివేళ పరుల యిండ్లకు బోవు తీరును చెప్పుకొని విలపించినాడు. ధర్మరాజు కథ మన యిండ్లలో పసిపిల్లలకును తెలియును. తెలిసినంతమాత్రమున మానుదుమా యనునది వేఱు ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానము మేము గ్రంథములలో గాక మాలోనే కనుగొంటిమి గనుక, సిగ్గు విడిచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

2025 సెప్టెంబరులో మేమును మా యింటివారును కాలిఫోర్నియాలో నున్న మా కుమార్తె యింటికి బోయితిమి. కుమార్తెయు నల్లుడును ఉద్యోగములకును, మనుమడు బడికిని బోయిన పిమ్మట పగలెల్ల నిల్లు నిశ్శబ్దముగా నుండెడిది. సాయంకాలము దగ్గఱనున్న పార్కులో మావలెనే బిడ్డల యిండ్లకు వచ్చిన తెలుగువారు కొందఱు బల్లలమీద చేరుచుందురు. అందొక పెద్దమనిషి తన సెల్‌ఫోను మాకు చూపి, "జూదం కాదండీ. డబ్బు కట్టనక్కరలేదు. చేరినందుకు వాళ్లే నాణేలిస్తారు. వట్టి కాలక్షేపం" అని పలికెను. జూదమును ఖండించుచు యౌవనమున నుపన్యాసము లిచ్చిన మాకు "జూదము కాదు" అను నామాట యభయహస్తమువలె నుండెను. ఆ రాత్రియే చేరితిమి.

ఈ యాటల నిర్మాణము తెలియనివారికి సంగ్రహముగా జెప్పుదుము. వీనిని స్వీప్‌స్టేక్స్ కాసినోలందురు. తెఱమీద చక్రములు తిరుగును, బొమ్మలు వరుస గూడిన గెలుపు, లేకున్న నోటమి. నాణెములు మాత్రము రెండు జాతులు. మొదటివి బంగారు నాణెములు. వీనికి బజారులో గవ్వవిలువ లేదు, ఆడుకొనుటకే. రెండవవి స్వీప్స్ నాణెములు. వీనిని కొనుటకు వీలులేదు, "ఉచితముగా" వచ్చును. కాని వానితో నాడి గెలిచినచో నాణెమున కొక డాలరు చొప్పున సొమ్ముగా మార్చుకొనవచ్చును. ఉచితముగా నెట్లు వచ్చును? పది డాలర్లు పెట్టి బంగారు నాణెముల మూట కొన్నచో దానితోపాటు పది స్వీప్స్ నాణెములు బహుమానము! వంకాయలు కొన్నవానికి కొత్తిమీర కొసరిచ్చుట మన మెఱుగుదుము. కొసరు కొఱకే కొనుట, కొన్న వంకాయలను గంగలో గలుపుట యిచ్చటనే చూచితిమి.

సొమ్ము పెట్టకయు నాడవచ్చుననుటకు వారు వేఱొక ద్వారము కూడ నుంచిరి. వారు చెప్పిన కొలతగల కార్డుమీద, వారు చెప్పిన మాటలను, స్వహస్తముతో వ్రాసి తపాలాలో బంపినచో కొన్ని నాణెములు వచ్చును. మే మట్లు పదునెనిమిది కార్డులు వ్రాసితిమి. ఒక్కొక్కదానికి డెబ్బదియెనిమిది సెంట్ల తపాలాబిళ్ళ. మేము ప్రతిదినము బల్లకడ కూర్చుండి శ్రద్ధగా వ్రాయుట చూచి మా కుమార్తె సంతోషించి, "నాన్నగారు ఇక్కడికొచ్చినా రాయడం మానలేదు" అని తన స్నేహితురాండ్రతో జెప్పుకొన్నది. మేము మారుపలుకలేదు. నలువదియేండ్లు వ్యాసములు వ్రాసిన చేయి యొకే వాక్యమును పదునెనిమిదిమార్లు వ్రాసి నాణెములు యాచించుచున్నదని యా బిడ్డ కెట్లు చెప్పగలము?

తపాలా నాణెములు వచ్చుటకు వారములు పట్టును. చక్రము తిరుగుటకు లిప్తకాలము చాలును. ఓపిక నశించినవాడు పది డాలర్లు పెట్టును. మేమును బెట్టితిమి. మందుల కొఱకును చిల్లర ఖర్చుల కొఱకును మా కుమార్తె యిచ్చిన కార్డు మాయొద్ద నుండెను. అయిదు వారములలో దానినుండి రెండువందల యఱువది డాలర్లు వెడలిపోయినవి. ఆ దినములలోనే మా యింటివారు మోకాలినొప్పికి పట్టీ యొకటి కొనిపెట్టుడని రెండుమార్లు అడిగిరి. దాని వెల ముప్పది డాలర్లు. "ఇక్కడ ఖరీదెక్కువ, మన ఊళ్లో కొందాం" అని రెండుమార్లును మేమే చెప్పితిమి.

ఒకనాడు నూటపండ్రెండు నాణెములు గెలిచితిమి. సొమ్ముగా మార్చుడని కోరగా, గుర్తింపుపత్రము చూపుము, ఆ దేశమున నివాసము నిరూపింపుము, ఇంటిపేర వచ్చు బిల్లు పంపుము అని వరుసగా ప్రశ్నలు వచ్చినవి. అతిథులమైన మాకు బిల్లు లెక్కడివి? ఆ దేశవాసులకే యీ సౌకర్యమని నియమావళిలో నెచ్చటనో యుండెనట. చదువకపోవుట మా తప్పే. కాని మా పది డాలర్లు పుచ్చుకొనునాడు నీ వెవడవని యడిగిన నాథుడు లేడు. తీసికొనుటకు తలుపు లేని యిల్లు, ఇచ్చుటకు మాత్ర మేడు గడియలు వేసికొనెను. మార్చుకొనలేని నాణెములను మర్నాటి రాత్రికే తిరిగి యాడి పోగొట్టుకొంటిమి.

ఇంతటి వ్యాపారము చట్టమునకు జిక్కక యెట్లు పెరిగెను? అమెరికా రాష్ట్రముల న్యాయశాస్త్రములో లాటరీకి మూడు లక్షణములు: బహుమానము, అదృష్టము, ప్రతిఫలముగా జెల్లించు సొమ్ము. ఇది మూడురాళ్ళ పొయ్యివంటిది. ఒక్క రాయి లేకున్న పొయ్యి కాదని వాదింపవచ్చును. ఈ వ్యాపారులు "కొననక్కఱలేదు" అను మాటతో మూడవ రాతిని కన్నులకు గనబడకుండ జరిపిరి. పొయ్యి లేదనుచునే యన్నము వండుకొనిరి.

ఇది క్రొత్త విద్య కాదు. 2000 దశకమున నమెరికాలో ఇంటర్నెట్టు కేఫులను దుకాణములు వెలసి, టెలిఫోను కార్డో, కంప్యూటరుపై కాలమో యమ్మి, కొసరుగా పందెపుటాట నిచ్చెడివి. నార్త్ కరోలినా రాష్ట్రము 2010లో నట్టివానిని నిషేధింపగా 2012లో నా రాష్ట్రపు సుప్రీంకోర్టు నిషేధమును సమర్థించెను. ఫ్లోరిడా 2013లో నిషేధించెను. అంతకు పూర్వము 1868లో లూసియానాలో నొక లాటరీ కంపెనీ యనుమతి పొంది, టపాలా మార్గమున దేశమెల్ల టిక్కెట్టులమ్మెను. 1890లో కేంద్రప్రభుత్వము టపాలాను మూసివేయగా, కొన్ని యేండ్లకు హోండురాసు దేశమునకు మకాము మార్చి వ్యాపారము సాగింపజూచెను. ఒక తలుపు మూసిన వేఱొక తలుపు తట్టుట యీ వృత్తికి సహజగుణము.

కావుననే 2025లో రాష్ట్రములు త్రోవ మార్చినవి. మూడు రాళ్ళున్నవా లేవా యని తర్కించుట మాని, రెండుజాతుల నాణెములతో కాసినో యాటలను బోలునవి నడపుటనే పేరుపెట్టి నిషేధింపసాగినవి. మోంటానా మేనెలలో నట్టి శాసనము చేసెను. కనెక్టికట్టు, న్యూజెర్సీ యనుసరించినవి. న్యూయార్కులో నటార్నీ జనరలు లెటీషియా జేమ్సు జూనులోనే యిరువదియాఱు కాసినోలను నిలిపివేయించెను. డిసెంబరులో శాసనమును వచ్చెను. కాలిఫోర్నియా గవర్నరు న్యూసమ్ అక్టోబరు 11వ తేదీన సంతకము చేసిన శాసనము 2026 జనవరి 1 నుండి యమలునకు వచ్చెను. అది యాట నడుపువానితో నాగక, తెలిసి తెలిసి వానికి సొమ్ము చేరవేయువానిని, ఆటలు సమకూర్చువానిని, ప్రచారము చేయువానిని గూడ పట్టుకొనును. ఆడి చెడినవానిపై గాక యాడించి బాగుపడువానిపై గురిపెట్టిన చట్టమని మేము దానిని మెచ్చుకొందుము.

డిసెంబరు మధ్యలో నొకరాత్రి మేము ఫోను తెఱవగా చక్రములకు బదులు నాలుగు పంక్తులు కనబడినవి: ఈ రాష్ట్రమున నాట ముగిసినది. ఆ క్షణమున మాకు గలిగిన భావమును దాచక చెప్పవలెను. సంతోషము కాదు. ఆకలితో నున్నవాని విస్తరి లాగివేసినట్లు కోపము వచ్చెను. పొరుగు రాష్ట్రమున నింకను నాడనిత్తురేమో యని, అల్లుని సెలవుదినములలో నటు విహారయాత్ర వేయింప వీలగునా యని యాలోచించితిమి. ఆ యాలోచన మా బుద్ధికి దోచినప్పుడే మా స్థితి మాకు దెలిసినది. జూదరి వేదములో మాత్రమే లేడు.

ఈ శాసనములపై రెండాక్షేపణలు గలవు. రెండును తేలికైనవి కావు. ప్రాయము వచ్చినవాడు తన సొమ్ము తా నెట్లు ఖర్చుచేసిన రాజున కేమి యనునది మొదటిది. రాజే లాటరీ నడుపుచు జూదమును నిందింపవచ్చునా యనునది రెండవది. నిజమే. కాలిఫోర్నియాకు సొంత లాటరీ యున్నది. న్యూజెర్సీ, కనెక్టికట్టులు లైసెన్సు గల ఆన్‌లైను కాసినోల యొద్ద పన్ను వసూలుచేయుచున్నవి. కాలిఫోర్నియాలో బందెపు యంత్రముల హక్కు 2000లో ప్రజాభిప్రాయముచే దేశీయ తెగలకు దక్కినది గనుక వారిలో పెద్దతెగలు ఈ శాసనమును గోరినవి. ఈ వ్యాపారులతో జేరి బ్రదుకుదెరువు వెదకిన కొన్ని చిన్నతెగలు వలదన్నవి. లూసియానాలో శాసనసభ యామోదించిన నిషేధమును, ఉన్న చట్టములే చాలునని గవర్నరు త్రోసిపుచ్చెను. ధర్మమును ఆదాయమును ఒకే త్రాసులో దూగుట యంతట గలదు.

ఈ తగవు మనకును బాతదే. జూదము బహిరంగ చౌర్యమనియు, రాజు దానిని రాజ్యమునుండి తొలగింపవలెననియు మనువు శాసించెను. కౌటిల్యుడు మాత్రము ద్యూతాధ్యక్షుని నియమించి, ఒక్కచోటనే యాడించి, గెలిచినదానిలో నూటి కయిదు రాజునకు గొనుమనెను. ఆ యిరువురిలో నెవరు సరియో తేల్చుట మా తరము కాదు. కాని యిరువురును జూదమును జూదమనిరి. పన్ను గట్టు కాసినోకు బోవువానికి తా నెచ్చటికి బోవుచున్నాడో తెలియును. నన్ను రానీయకుడని తన పేరు తానే వ్రాయించుకొను వెసులుబాటును గలదు. ఉచితమను ముసుగులో నున్నదానియొద్ద వానికి దెలివియు లేదు, దిక్కును లేదు. ఇక మొదటి యాక్షేపణకు మా సమాధానము చిన్నది: మోసపోవుట స్వేచ్ఛ కాదు. మేము స్వేచ్ఛతో మొదటి పది డాలర్లు పెట్టితిమేమో. ఇరువదియాఱవ పది పెట్టినది స్వేచ్ఛ కాదని ప్రమాణము చేయగలము.

అమెరికావారిని జూచి మనము నవ్వనక్కఱలేదు. వారు సొమ్మను రాతిని జరిపిరి. మనవారు అదృష్టమను రాతిని జరిపిరి. సికిందరాబాదు క్లబ్బొకదాని వ్యాజ్యములో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ ముఖ్యముగా నైపుణ్యముగల యాట యని చెప్పెను. స్నేహితులు చాపమీద నాడు పేకాటనుగూర్చి చెప్పిన యామాటను, అర్ధశతాబ్ది గడచిన పిమ్మట ఆన్‌లైను వ్యాపారులు పతాకముగా నెత్తుకొనిరి. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమ జూదచట్టములను సవరించి యానివార్యముగా దలుపులు మూసినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన శాసనము నైపుణ్యమా యదృష్టమా యను తర్కమునే విడిచి, సొమ్మొడ్డి సొమ్మాశించు ఆన్‌లైను ఆటలన్నిటిని ఒక్క గాటను గట్టెను. రెండు దేశములును వేఱువేఱు త్రోవల నొక్క చోటికే వచ్చినవి: పేరు గాదు, పని చూడవలెను.

ఆ డిసెంబరులోనే యొక ఆదివారము మేము మా కుమార్తెను అల్లుని గూర్చుండబెట్టి లెక్క యంతయు జెప్పితిమి. అల్లుడు తల వంచుకొని, "పోనీండి మామగారూ, మాకూ తెలియక మిమ్మల్ని పగలంతా ఒంటరిగా వదిలేశాం" అనెను. మందలించినచో నింత బాధ యుండెడిది కాదు. మర్నాడు మోకాలిపట్టీ కొని తెచ్చితిమి. మా యింటివారు దానిని గట్టుకొనుచు, "ఇంతకీ ఆట మానింది మీరా, మాన్పించింది గవర్నమెంటా?" అని యడిగిరి.

గవర్నమెంటే యని యొప్పుకొంటిమి. చదువరులారా, సంస్కారము లోపలినుండి రావలెనని మే మెన్నియో మార్లు వ్రాసియున్నాము, ఇప్పటికిని నమ్ముచున్నాము. కాని లోపలివాడు నిద్రించిన రాత్రులలో వెలుపల గడియ వేయువా డొకడు కావలెను. గడియ వేయుట చట్టము పని. తెల్లవాఱిన పిమ్మట ఇంటివారి యెదుట లెక్క చెప్పుట మన పని. మీ యింట పగలెల్ల నొంటరిగా ఫోను చూచుకొను పెద్దలున్నచో, "ఏమాడుచున్నా" రని యొకమాఱు ప్రేమతో నడుగుడు. మమ్ము నెవరైన నట్లడిగియున్న నా పదునెనిమిది కార్డులు వ్రాసియుండము.