అప్పనపల్లిలో పాత రీలు కడిగించాను

అప్పనపల్లి వచ్చినవాళ్లు బాల బాలాజీ దర్శనం చేసుకుని, అన్నప్రసాదం తిని, వైనతేయ ఒడ్డున కాసేపు తిరిగి వెళ్లిపోతారు. నేను ఒక పాత స్టూడియో వెనక గదిలో కూర్చున్నాను. ముందు గదిలో జిరాక్సులు, పాస్‌పోర్టు ఫోటోలు. వెనక గదిలో ఇంకా ఫోటోలు కడిగే హైపో వాసన.

బల్ల మీద ఎప్పుడో ఫోటోలు తీసి, కడిగించకుండా వదిలేసిన 120 రీలు. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి ‘ఇందు’. 1967లో తయారీ మొదలుపెట్టిన ఆ ప్రభుత్వ కర్మాగారం మూతపడి ఏళ్లయింది. ఈ చుట్టుపక్కల పాత రీలు కనబడితే చాలు, 1995 నాటి పాశర్లపూడి గ్యాస్ బావి బ్లోఅవుట్ మంట అందులో ఉందేమోనని ఆశపడతారు.

“డేటు చూసి లాభం లేదండీ, ఇన్నాళ్లూ ఎక్కడ పడుందో అది చూడాలి” అన్నారు స్టూడియో ఆయన. వేడికీ తేమకీ ఫిల్ము పాడైతే, వెలుతురు తగలని రేణువులు కూడా డెవలపర్‌లో నల్లబడతాయి. అదే ఫాగ్. మన కోనసీమలో ఆ రెండింటికీ కొరతేముంది!

అందుకే ముందు చీకట్లో రీలు చివర, బొమ్మ పడని చోట, చిన్న ముక్క కత్తిరించి కడిగి చూశారు. బూడిదరంగు తిరిగింది గానీ మరీ నల్లబడలేదు. డి-76 డెవలపర్‌లో చిటికెడు పొటాషియం బ్రోమైడ్ కలిపారు, ఫాగ్‌ను కాస్త అణచడానికి. సీసాను ఐసు నీళ్ల టబ్బులో దించి, థర్మామీటరు 20 డిగ్రీలు చూపేదాకా ఆగారు. “ఆయ్, చల్లగా లేకపోతే పాత పూత మెత్తబడిపోద్దండీ.”

ఎర్ర లైటు సినిమాల్లోనే. అది ప్రింటు కాగితానికి పనికొస్తుంది గానీ ఈ ఫిల్ముకు కటిక చీకటే కావాలి. ఏళ్లతరబడి చుట్టుకుపోయిన రీలు స్పైరల్‌లోకి ఎక్కనంటుంటే, చీకట్లో ఆయన విసుక్కోవడం మాత్రమే వినబడింది.

పన్నెండింట్లో నాలుగు బొమ్మలు తేలాయి. మంట లేదు. కొబ్బరికాయల రాశి, పడవ, ఎండకు కళ్లు చిట్లించిన ఇద్దరు కుర్రాళ్లు. వాళ్ల చొక్కాల మీద ఫిల్ము వెనక చుట్టి ఉండే కాగితం తాలూకు అంకెలు, చుక్కలు అచ్చుపడ్డాయి. నాకైతే అవి కూడా బాగున్నాయి.

వాడని పాత రీలుతో ఇంత అవస్థ పడక్కర్లేదు. 125 ఏఎస్‌ఏ అని ఉంటే 25గా లెక్కేసి, వెలుతురు ఎక్కువిచ్చి తీసుకోవచ్చు. తీసేసిన రీలుకు ఆ వీల్లేదు. ఆయన ఫ్రిజ్‌లో సీలు విప్పనిది ఒకటుంది. కొంటానన్నాను.

“అమ్మనండీ. మనవరాలి అన్నప్రాసనకి దాచాను.”