విప్పి కడిగే గుండిగ

మన ఆడవాళ్ళు బజారులో పాత్ర కొనేటప్పుడు ఏం చేస్తారో ఎప్పుడైనా గమనించారా? ధర అడగటానికి ముందే చెయ్యి లోపల పెట్టి అడుగంతా తడిమి చూస్తారు. పైకి ఎంత సొగసుగా ఉన్నా సరే, చెయ్యి పట్టలేదంటే ఆ పాత్ర మళ్ళీ కొట్టు బల్లమీదికే పోతుంది. తోమవలసింది వాళ్ళు గదా! కాఫీ ఫిల్టరు చూడండి: పై గిన్నె, కింది గిన్నె, కాడ ఉన్న చిల్లుల బిళ్ళ, మూత. నాలుగూ విడివిడిగా ఊడి వస్తాయి. దాన్ని కనిపెట్టినవాడెవడో గాని, ఇంట్లో అంట్లు తోమిన అనుభవం ఉన్నవాడే అయి ఉంటాడని నా నమ్మకం.

నాకీ విద్య ఉద్యోగం నేర్పింది. 1974లో ఒక పాల ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరి, ముప్ఫైఆరేళ్ళు అక్కడే ఉండి, 2010లో రిటైరయ్యాను. చేరిన కొత్తలో నా పని గొట్టాలు విప్పటం. షిఫ్టు ముగిసేసరికి పాలు నడిచిన గొట్టాలన్నీ విప్పి, తొట్టెలో వేసి, పొడుగాటి బ్రష్షుతో తోమి, వేడి సోడా నీళ్ళు, ఆ పైన ఆమ్లం నీళ్ళు, ఆ పైన మంచినీళ్ళు పట్టించి మళ్ళీ బిగించాలి. తర్వాత్తర్వాత విప్పకుండానే మందు నీళ్ళు తిప్పి కడిగే ఏర్పాట్లు వచ్చాయనుకోండి. ఆ రోజుల్లో మాత్రం మా సూపర్‌వైజరు గారు ప్రతి జాయింటు లోపలా వేలు పెట్టి, ఆ వేలు వాసన చూసేవారు. మా అబ్బాయి చిన్నప్పుడు, మీ నాన్న ఏం చేస్తారని ఎవరైనా అడిగితే "డెయిరీలో" అని ఊరుకునేవాడు. గొట్టాలు కడుగుతారని చెప్పటం వాడికి నామోషీ.

వాడిప్పుడు అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ కాలిన్స్ అనే ఊళ్ళో ఉంటున్నాడు. సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉందా ఊరు. అక్కడ నీళ్ళు ఇంచుమించు 95 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు ఉడకని ఊరు అని మా ఆవిడ మొదటి రోజే తీర్పు చెప్పేసింది. పోయిన ఏడు మేమిద్దరం అక్కడ నాలుగు నెలలున్నాం. వెళ్ళిన మూడో రోజున కారు షెడ్డులో ఒక స్టీలు గుండిగ కనబడింది. పది గ్యాలన్లది, అంటే 38 లీటర్లు పడుతుంది. దానికో కుళాయి.

"ఎవరి పెళ్ళికిరా ఇది?" అన్నాను. వాడు నీళ్ళు నమిలాడు. కోడలే చెప్పింది: "మీ అబ్బాయి బీరు కాస్తారు మామయ్యగారూ."

కంగారు పడకండి, అక్కడ అది నేరం కాదు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ప్రకారం, అమ్ముకోకుండా సొంతానికైతే, పెద్దవాళ్ళు ఇద్దరున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు. రాష్ట్రాలు ఒకటొకటిగా సరేనంటూ వచ్చి, ఆఖర్న అలబామా, మిసిసిపీ 2013లో ఒప్పుకున్నాయి. మన దగ్గర లైసెన్సు లేకుండా ఈ పని చేస్తే ఎక్సైజు వాళ్ళు గుండిగతో సహా పట్టుకుపోతారు.

చట్టం సంగతి సరే, మా ఆవిడ సంగతి వేరు. ఆమెది నెల్లూరు జిల్లా. ఆమె అన్నగారు నలభై ఏళ్ళు నిండకుండానే సారాకి బలైపోయాడు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారన్న కబురు జిల్లా అంతా పాకినప్పుడు, మా అత్తవారి ఊళ్ళో చీపురు పట్టుకుని ముందు నడిచింది ఆయన భార్యే. 1993లో సారా నిషేధం వచ్చిన రోజున మా ఇంట్లో పాయసం వండారు. అల్లాంటి మనిషికి కన్నకొడుకు ఇంట్లో బీరు గుండిగ! ఒక్క మాట అనలేదు. ఆ షెడ్డు గడప తొక్కలేదు, అంతే. వాడూ ఆ ప్రసక్తి ఎత్తలేదు. భోజనాల దగ్గర మజ్జిగ అందించమనటం తప్ప తల్లీకొడుకుల మధ్య మాటలు కరువైపోయాయి. నాకేమో అటు చెప్పలేను, ఇటు చెప్పలేను.

బీరు సంగతి చెప్పాలి గదా. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నూకగా ఆడించి, వేడినీళ్ళలో నానబెట్టి తియ్యటి రసం తీస్తారు. అందులో హాప్స్ అనే చేదు పువ్వులు వేసి గంటసేపు మరిగిస్తారు. పిమ్మట రాగి గొట్టపు చుట్ట అందులో ముంచి, చుట్టలోంచి చన్నీళ్ళు పారించి, 20 డిగ్రీలకు చల్లార్చి, కుళాయి తిప్పి వేరే పాత్రలోకి దించి ఈస్టు కలుపుతారు. మనం పాలు తోడు పెట్టడం లాంటిదే. తోడు ఎంత మంచిదైనా గిన్నె శుభ్రంగా లేకపోతే పెరుగు తీగ సాగదూ?

వాడి సరుకు వరసగా మూడుసార్లు పాడైందిట, నోట పెట్టుకోలేనంత పుల్లగా. ఈస్టు మార్చాడు, నీళ్ళు మార్చాడు, బార్లీ కొనే కొట్టు మార్చాడు. ఒక శనివారం వాడు గుండిగ తోముతుంటే వెళ్ళి నిలబడ్డాను. లోపల అద్దంలా ఉంది. నేను కుళాయి మూతి దగ్గర ముక్కు పెట్టాను. ముప్ఫైఆరేళ్ళు ఎరిగిన వాసన!

"ఒరే, రెంచి తే" అన్నాను.

ఆ కుళాయిని బాల్ వాల్వు అంటారు. లోపల చిల్లు ఉన్న గుండు ఒకటి ఉంటుంది. పిడి తిప్పితే చిల్లు దారికి ఎదురవుతుంది, అడ్డం తిప్పితే దారి మూసుకుంటుంది. తిప్పినప్పుడల్లా గుండుకీ దాని గూటికీ నడుమ సందులో కాస్త రసం చిక్కుతుంది. వాడిది రెండు ముక్కల వాల్వు, కడగటానికి విప్పేది కాదు. పైగా మరలతో బిగించి తెల్ల టేపు చుట్టారు. ప్రతి మర సందులోనూ జిడ్డుకి చోటే. దాన్ని ఊడదీసి, పిడి సగానికి తిప్పి, సలసల కాగే నీళ్ళు పోశాను. గోధుమరంగు తెట్టు ముద్దలుగా జారింది.

వాడు తెల్లబోయాడు. "గంటసేపు మరుగుతుంది గదా నాన్నా, ఇంకా ఏం బతుకుతుంది?"

"మరిగేది గుండిగలోరా. కుళాయి బయటికి పొడుచుకొచ్చి గాలికి కూర్చుంది. చల్లారిన రసం దాని గుండానే గదా దిగేది!"

మర్నాటినుంచి తండ్రీకొడుకులం పనిలో పడ్డాం. మూడు ముక్కల వాల్వు తెప్పించాం. నాలుగు బోల్టులు వదులు చేస్తే నడిమి ముక్క పక్కకి వచ్చి, గుండూ, దానికి అటూ ఇటూ ఉండే తెల్లటి చుట్లూ చేతిలోకి వస్తాయి. గుండిగకేమో మరలు తీసేయించి, అంచు ఉన్న పొట్టి గొట్టం ఒకటి వెల్డింగు చేయించాం. లోపలివైపు అతుకు నున్నగా రుద్దేదాకా వెల్డరు పక్కనుంచి నేను కదల్లేదు. ఆ అంచుకి వాల్వు అంచు ఆనించి, మధ్యన సిలికాన్ గాస్కెట్టు పెట్టి, పైన పట్టీ వేసి, రెక్కల నట్టు చేత్తో తిప్పటమే. రెంచి అక్కరలేదు. ట్రై-క్లాంప్ అంటారు దీన్ని. పాల ఫ్యాక్టరీల్లో వాడేదే; చూడగానే పాత స్నేహితుడు ఎదురైనట్టయింది.

వెల్డింగు వద్దనుకునేవాళ్ళు చిల్లు చేసి, రబ్బరు చుట్టు పెట్టి, నట్టుతో బిగించుకుంటారు. చవక, ఊడుతుంది కూడాను. కాని నట్టు వెనక తడి నిలుస్తుంది గనుక ప్రతిసారీ మొత్తం విప్పాలి. మావాడి బద్ధకం నాకు తెలుసు. అంచేత వద్దన్నాను. మొదటిసారి మంట పక్కకి ఎగబాకి గాస్కెట్టు అంచు కమిలింది. మధ్యన రేకు ముక్క అడ్డం పెట్టాం.

పాలకి పట్టే గారలాగే బీరుకీ గార పడుతుంది. పాల గారలో ముఖ్యంగా కాల్షియం ఫాస్ఫేటు, బీరు గారలో కాల్షియం ఆక్సలేటు. జిడ్డుకి సోడియం పెర్కార్బొనేటు వేసిన వేడినీళ్ళు, గారకి నిమ్మ ఉప్పు నీళ్ళు. బ్లీచింగు మాత్రం స్టీలుకి తగలనివ్వకూడదు, గుంటలు పడుతుంది.

కడిగిన ముక్కలు వంటింటి గట్టుమీద తువ్వాల పరిచి ఆరబెట్టాం. మా ఆవిడ వచ్చి చూసింది. "ఏమండీ, ఇవి మీ ఫ్యాక్టరీ సామాను కావూ?" అంది. ఒక చుట్టు చేతిలోకి తీసుకుని, గాడిలో గోరు పెట్టి గీసి, కొడుకు వంక తిరిగింది. "ఇక్కడ జిడ్డుంది. మళ్ళీ కడుగు."

వాడు మాట్లాడకుండా మళ్ళీ కడిగి చూపించాడు.

"కడగటం వరకే నాయనా నేను. కాచేటప్పుడు నన్ను పిలవకు. మీ మామయ్య పోయినప్పుడు నువ్వు చంటివాడివి, నీకు తెలియదు" అని చెప్పటం మొదలుపెట్టింది. అరగంట చెప్పింది. వాడు పని మానేసి నిలబడి విన్నాడు. ఆ తర్వాత వాడు కాచటం మానలేదు, ఆమె షెడ్డులోకి రాలేదు. కాకపోతే వారానికోసారి తల్లి ముందు ఆ ముక్కలు పరీక్షకి వచ్చేవి.

మూడు వారాల తర్వాత నాలుగో సరుకు దిగింది. గ్లాసులో పోసి నా ముందు పెట్టాడు. నేను తాగనని వాడికి తెలుసు. వాసన చూశాను. పులుపు లేదు, శుభ్రంగా ఉందన్నాను. వాడు నోటుపుస్తకంలో తారీకు వేసి రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ తలెత్తి, "షిఫ్టుకి ఎన్ని గొట్టాలు విప్పేవారు నాన్నా?" అన్నాడు.

ఆ ప్రశ్న వాడు నన్నెన్నడూ అడగలేదు. పాలు దింపే తొట్టి దగ్గరనుంచి మొదలుపెట్టి, వేళ్ళమీద లెక్క చెబుతున్నాను. అరవై దాటేసరికి, పప్పు ఉడికింది రమ్మని ఇంట్లోంచి కేక వినబడింది.