పిల్సెన్ జట్టు, పటాన్‌చెరు పిల్లలు

రామచంద్రాపురం భెల్‌లో చేసి రిటైరైన పెద్దవాళ్ళ దగ్గర స్కోడా పేరెత్తి చూడండి. వాళ్ళకు ముందు గుర్తొచ్చేది టర్బైన్, ఆ తర్వాతే కారు. 1960ల్లో ఆ ఫ్యాక్టరీ చెకొస్లొవేకియా సాయంతో లేచింది. 110 మెగావాట్ల దాకా ఆవిరి టర్బైన్ల సాంకేతికత పిల్సెన్ నగరంలోని స్కోడా కర్మాగారం నుంచి వచ్చింది. 1869లో ఎమిల్ స్కోడా కొని పెంచిన కర్మాగారం అది. కార్లకు ఆ పేరు 1925లో అక్కణ్ణుంచే వచ్చింది.

పిల్సెన్‌లో టర్బైన్లతో పాటు ఐస్ హాకీ క్లబ్బు కూడా ఉంది. ఎండలు మండే మన సంగారెడ్డి జిల్లాకు మంచు మీది హాకీతో చుట్టరికం ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ క్లబ్బు పేరే చెప్తాను: హెచ్‌సీ స్కోడా పిల్సెన్.

ఆట చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ఇందులో బంతి ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్లటి గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. మంచు మీద ఎగిరిపడకుండా సాఫీగా జారాలని ఆటకు ముందు దాన్ని గడ్డకట్టేంత చల్లబరుస్తారు. గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు. ప్రాణం పెట్టి పరుగెత్తాలి కాబట్టి నిమిషం తిరక్కుండానే ఊపిరి అందదు. అలసినవాడు పక్కగోడ దాటి బయటికి వస్తుంటే ఇంకొకడు లోపలికి దూకుతాడు, ఆట మాత్రం ఆగదు. ఫస్ట్ షిఫ్టు వాళ్ళు గేటు బయటికి, సెకండ్ షిఫ్టు వాళ్ళు లోపలికి నడుస్తుంటే మిషన్ తిరుగుతూనే ఉంటుందే, అచ్చం అలాగే.

క్లబ్బు పుట్టింది 1929లో. ఆ తర్వాత దేశం మీదుగా యుద్ధం పోయింది, కమ్యూనిస్టుల పాలన వచ్చింది. స్కోడా కర్మాగారానికి లెనిన్ పేరు పెట్టారు, క్లబ్బు పేరూ దాంతోపాటే మారింది. 1989 తర్వాత డబ్బిచ్చిన టైల్స్ కంపెనీల పేర్లు తగిలించుకుంది. కొన్నాళ్ళు పుట్టిన సంవత్సరాన్నే పేరులో పెట్టుకుంది. చివరికి మళ్ళీ స్కోడా దగ్గరికే వచ్చింది. ఇన్ని పేర్లు మారినా జట్టు చెదరలేదంటే కారణం ఒక్కటే అనిపిస్తుంది నాకు. ఊరి పిల్లలకు స్కేట్లు కట్టి రింక్‌లోకి దింపడం ఏ పేరుతో ఉన్నా మానలేదు.

ఆ దేశంలో ఈ ఆట ఎంత లోతుగా పాతుకుందో 1969 మార్చి చెప్తుంది. అంతకు ముందు ఆగస్టులో సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చాయి. స్టాక్‌హోమ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో చెకొస్లొవేకియా సోవియట్ జట్టును మార్చి 21న 2-0తో, 28న 4-3తో ఓడించింది. కొందరు ఆటగాళ్ళు జెర్సీ మీది ఎర్ర నక్షత్రాన్ని టేపుతో కప్పేసి ఆడారు. రెండోసారి గెలిచిన రాత్రి జనం లక్షల్లో వీధుల్లోకి వచ్చారు. నోరెత్తలేని జనానికి ఆ రాత్రి ఆటే గొంతయింది. వాళ్ళ సాయంతో లేచిన మన ఫ్యాక్టరీలో అప్పటికే ఉత్పత్తి నడుస్తోంది.

పిల్సెన్ జట్టు మాత్రం దేశ చాంపియన్ కావడానికి 84 ఏళ్ళు ఆగాల్సి వచ్చింది. 2013 ఫైనల్లో జ్లిన్ జట్టుతో ఏడు మ్యాచ్‌ల పోరు. ఏడో మ్యాచ్ అదనపు సమయంలోకి పోయింది, అదీ చాలక రెండోసారి అదనపు సమయంలోకి పోయింది. గెలుపు గోల్ కొట్టింది మార్టిన్ స్ట్రాకా. పిల్సెన్‌లోనే పుట్టి, 1998 నగానో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జట్టులో ఆడి, అమెరికా లీగ్‌లో ఏళ్ళ తరబడి రాణించి సొంతూరికి తిరిగొచ్చినవాడు. అప్పటికి వయసు 40, పైగా ఆ క్లబ్బుకు యజమాని కూడా అతనే. చిన్నప్పుడు తనకు ఆట నేర్పిన క్లబ్బును పెద్దయ్యాక తానే మోశాడు. క్రీడా చరిత్రలో నాకు ఇంతకన్నా ఇష్టమైన ఘట్టం లేదు.

ఇక మన వైపు చూద్దాం. భెల్ కట్టినవాళ్ళు ఫ్యాక్టరీతో పాటు టౌన్‌షిప్ కట్టారు, అందులో బడి, ఆసుపత్రి, చెట్లు, ఆటస్థలం పెట్టారు. ఆ తరం అలా ఆలోచించింది. తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారంలో వరసగా షెడ్లు లేచాయి. మందులు, రసాయనాలు, ఇనుము, ప్లాస్టిక్ అన్నీ తయారవుతున్నాయి. టౌన్‌షిప్ ఆలోచన మాత్రం ఆ షెడ్ల దాకా రాలేదు. ఇస్నాపూర్ దాటి సాయంత్రం లోపలి రోడ్లలో నడవండి. ఆగిన లారీల మధ్య ఖాళీ నీలం డ్రమ్మును వికెట్‌గా నిలబెట్టి పిల్లలు టెన్నిస్ బంతితో ఆడుతుంటారు. ఒకడు బిహార్ నుంచి వచ్చిన హెల్పర్ కొడుకు, ఒకడు జహీరాబాద్ వైపు నుంచి వచ్చిన ఆపరేటర్ కొడుకు. లారీ హారన్ కొడితే ఆట ఆపి, డ్రమ్ము పక్కకు జరిపి, దారిచ్చి మళ్ళీ మొదలుపెడతారు. పటాన్‌చెరులో మైత్రి మైదానం ఉంది, మంచిదే. ఇంత పెద్ద పారిశ్రామిక ప్రాంతానికి అదొక్కటే ఏ మూలకు?

డబ్బు లేదనే మాట నేను ఒప్పుకోను. 2013 కంపెనీల చట్టం ప్రకారం ఏడాదికి నికర లాభం 5 కోట్లున్న కంపెనీ కూడా మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. గ్రామీణ క్రీడలకు, ఒలింపిక్ క్రీడలకు ఇచ్చే శిక్షణ కూడా ఆ పద్దు కిందికి వస్తుందని ఏడో షెడ్యూలులోనే రాసి ఉంది.

మనకు ఐస్ రింక్ అక్కర్లేదు. కబడ్డీకి కాస్త మట్టి, వాలీబాల్‌కు రెండు స్తంభాలు, ఒక వల, ఫుట్‌బాల్‌కు చదునైన నేల చాలు. పాశమైలారం, బొల్లారం యాజమాన్యాలను అడుగుతున్నాను. నలుగురైదుగురు కలిసి ఒక మైదానం ఇవ్వండి, ఒక కోచ్‌కు నెలనెలా జీతమివ్వండి. జెర్సీ మీద మీ కంపెనీ పేరు వేసుకోండి, దాని కింద ఊరి పేరు కూడా వేయండి. జట్టులో మాత్రం ఆ లారీల మధ్య ఆడుతున్న పిల్లలకే ముందు చోటివ్వండి.