రెండు లిపుల చదరంగ పత్రిక

చదరంగమన్న తెలుగు మాట, షత్రంజ్ అన్న ఉర్దూ మాట ఒకే తల్లి బిడ్డలు. చతురంగమనే సంస్కృత పదం పారశీక దేశం చేరి, అరబ్బుల నోట నలిగి, షత్రంజ్ రూపంలో తిరిగి మన దేశానికి వచ్చింది. ఈ రెండు మాటలూ నిత్యం వినిపించే మన కళాశాలలో చదరంగ సంఘం వారు రెండు భాషలలోనూ నాలుగు పుటల మాసపత్రిక తేవాలని తలపెట్టడం సహజమే. దానిని ఏ సాఫ్ట్‌వేర్‌తో కూర్చవలెనో తేల్చే పని నాకు అప్పగించారు.

పైకి ఇది చిన్న పనివలె తోచును. కాని నస్తాలీఖ్ లిపి కుడి నుండి ఎడమకు, ఏటవాలుగా జారుతూ సాగుతుంది. తెలుగు ఎడమ నుండి కుడికి నడుస్తూ వత్తులను అక్షరం కింద మోస్తుంది. వీటి నడుమ అరువది నాలుగు గళ్ల పటం నిలవాలి. ఉర్దూ పుటను వేరుగా వ్రాయించి బొమ్మగా అతికించమని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. నా మనసు అంగీకరించలేదు. బొమ్మగా అతికిన పుటలో ఒక్క అక్షరం దిద్దాలన్నా మళ్లీ మొదటికి రావాలి. అంతకు మించి, సొంత పత్రికలో ఒక భాష అతిథిగా మిగిలిపోతుంది.

ఉన్న సాధనాలను ఒక్కొక్కటిగా పరిశీలించాను. తెలుగు ముద్రణాలయాలలో చిరకాలం రాజ్యమేలిన పేజ్‌మేకర్ 1985లో పుట్టింది. 2001లో వచ్చిన ఏడవ రూపమే దానికి కడపటిది. ఆనాటి తెలుగు ఫాంట్లలో కూర్చిన వ్యాసం, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తుల గుంపుగా కనబడుతుంది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ నస్తాలీఖ్‌ను ముచ్చటగా తీర్చిదిద్దుతుంది. కాని మా సంఘంలో దాన్ని ఎరిగినవాడు ఒక్కడే. అతడీ ఏడు చదువు ముగించి వెళ్లిపోతాడు. 1978లో డొనాల్డ్ క్నూత్ వెలువరించిన టెక్ కుటుంబంలో, ఎత్తులు వ్రాసి ఇస్తే పటాన్ని తానే గీసే ఏర్పాటు ఉంది. అయితే ఆ ఆజ్ఞల భాష చూచి కొత్త విద్యార్థి బెదరిపోవును.

చివరకు లిబర్‌ఆఫీస్ రైటర్‌ను ఎంచుకొన్నాను. అది ఉచితం. ప్రతి పేరాకు కుడి నుండి నడకో, ఎడమ నుండి నడకో విడివిడిగా నిర్ణయించవచ్చు. యూనికోడ్ కనుక రెండు లిపులూ ఒకే పుటలో అక్షరాలుగానే ఉంటాయి. పత్రికలకని రూపొందిన స్క్రైబస్ అంతటి నేర్పు పుటల అమరికలో దీనికి లేదన్న మాట నిజమే; నాలుగు పుటలకు ఇది చాలును.

అసలు చిక్కు ఏనుగు తెచ్చిపెట్టింది. మన అరుగుల మీది ఆటలో ఏనుగు మూలగడిలో నిలిచి తిన్నగా నడుస్తుంది. ఉర్దూలో ఫీల్ అన్నా ఏనుగే. కాని పారశీక సంప్రదాయంలో ఫీల్ రాజు, మంత్రుల ప్రక్కన నిలిచి ఐమూలగా నడుస్తుంది. మూలనున్న దానిని రుఖ్ అంటారు. పేర్ల మొదటి అక్షరాలతో ఎత్తులు వ్రాస్తే ఒకరి ఏనుగు మరొకరికి వేరే కాయ అవుతుంది. అందుచేత అక్షరాలకు బదులు కాయల బొమ్మలే వాడదలచాము. యూనికోడ్‌లో తెలుపుకు ఆరు, నలుపుకు ఆరు, మొత్తం 12 గుర్తులు ఉండనే ఉన్నాయి. ఉర్దూ వాక్యం మధ్య ఎత్తులను ఇరికిస్తే అంకెల వరుస తారుమారు కాగలదు కనుక, వాటిని ఎడమ నుండి నడిచే ప్రత్యేక పేరాలో ఉంచాము. ఆ ఒక్క పేరాను ఇరు భాషల వారూ ఒకే తీరున చదువుతారు.

విద్యార్థి మిత్రులారా! సాధనం ఎంత గొప్పదని కాక, మన తరువాత వచ్చేవారు దానిని తెరవగలరా అని అడగండి. ఒక్కని నేర్పుపై నిలిచిన పత్రిక అతనితోనే వెళ్లిపోతుంది. కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే: సాఫ్ట్‌వేర్‌కు పైకం అక్కరలేదు. వారానికొక సాయంత్రం కంప్యూటరు గది తలుపులు తెరిపించండి. ఉర్దూ తెలిసిన ఒకరు, తెలుగు తెలిసిన ఒకరు ప్రక్కప్రక్కన కూర్చుంటే చాలు, పత్రిక నడుస్తుంది.