వర్చువల్ మెషీన్‌కు సొంత నెట్‌వర్క్ కార్డు

ఒకే సర్వర్‌లో నడిచే వర్చువల్ మెషీన్లు మామూలుగా ఒకే నెట్‌వర్క్ కార్డును పంచుకుంటాయి. హోస్ట్‌లోని, అంటే ఆ సర్వర్‌లోని, సాఫ్ట్‌వేర్ బ్రిడ్జి మీదుగా ప్యాకెట్లన్నీ పోతాయి. చాలా పనులకు ఇంతే చాలు. ఫైర్‌వాల్‌నే వర్చువల్ మెషీన్‌గా నడిపేవారు మాత్రం బయటి ఇంటర్నెట్ కేబుల్ హోస్ట్‌ను తాకకుండా నేరుగా ఫైర్‌వాల్‌లోకే రావాలంటారు. అప్పుడు కార్డునే దానికి రాసిచ్చేస్తారు. ఇదే పాస్‌త్రూ.

హైదరాబాద్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఈ పని చూసే టెక్నీషియన్ ముందుగా ల్యాప్‌టాప్ పట్టుకుని సర్వర్ వెనక్కి చేరతాడు. కార్డుకు నాలుగు పోర్టులు, నాలుగూ ఒకేలా ఉంటాయి. ఈథ్‌టూల్ కమాండ్‌తో ఒక్కో పోర్టు దీపం మిణుకుమనిపించి, వెలిగినదాని మీద వేలు పెట్టి, పీసీఐ చిరునామా రాసిన చీటీ అంటిస్తాడు. చూడముచ్చటైన పని. ఇంత జాగ్రత్తకు కారణం ఉంది. గెస్ట్‌కు, అంటే వర్చువల్ మెషీన్‌కు, ఇచ్చిన కార్డును హోస్ట్ ఇక వాడుకోలేదు. సర్వర్‌ను నిర్వహించే పోర్టునే ఇచ్చేస్తే మానిటరు మోసుకుని దాని దగ్గరికి పరుగెత్తాలి.

తర్వాత బయాస్‌లో ఐఓఎంఎంయూను ఆన్ చేయాలి. ఇంటెల్ దీన్ని వీటీ-డీ అంటుంది. నెట్‌వర్క్ కార్డు ప్రాసెసర్ ప్రమేయం లేకుండానే మెమరీలో రాస్తుంది. గెస్ట్‌కు తెలిసిన మెమరీ చిరునామాలేమో అసలువి కావు. ఐఓఎంఎంయూ వాటిని అసలు చిరునామాలుగా మార్చి, గెస్ట్ హద్దు దాటకుండా కార్డును ఆపుతుంది. చివరికి కార్డును పాత డ్రైవర్ నుంచి విడిపించి, లినక్స్ 3.6తో 2012లో వచ్చిన వీఎఫ్ఐఓ డ్రైవర్‌కు అప్పగిస్తారు.

“గ్రూపులు విడిపోవట్లేదు సార్, ఈ బోర్డు కొన్నవాళ్లనడగాలి” అన్న విసుగు ఆ ల్యాబ్‌లో వినబడింది. హార్డ్‌వేర్ ఒకదాన్నుంచి ఒకటి వేరుచేయలేని పరికరాలను కెర్నల్ ఒకే ఐఓఎంఎంయూ గ్రూపుగా చూస్తుంది. నెట్‌వర్క్ కార్డు ఉన్న గ్రూపులోనే డిస్క్ కంట్రోలర్ కూడా పడితే ఒక్క కార్డునే ఇవ్వడం కుదరదు. ఏసీఎస్ ఓవర్‌రైడ్ ప్యాచ్ గ్రూపులు విడిపోయినట్టు చూపిస్తుంది, పరికరాలను మాత్రం విడదీయదు. ప్రధాన కెర్నల్ దాన్ని చేర్చుకోలేదు, సబబే. ఫైర్‌వాల్ కోసం ఆ ప్యాచ్ వేయడం తలుపు మీద తాళం బొమ్మ గీయడమే. టెక్నీషియన్ దాని జోలికి పోలేదు. కార్డు ఊడదీసి, ప్రాసెసర్‌కు నేరుగా కలిసిన స్లాట్‌లో పెట్టాడు. గ్రూపు విడిపోయింది. పీసీఐ చిరునామాలు మారాయి కనుక చీటీలన్నీ మళ్లీ రాశాడు.

పాస్‌త్రూతో నష్టాలూ ఉన్నాయి. నడుస్తున్న మెషీన్‌ను ఆపకుండా మరో సర్వర్‌కు తరలించడం సాధారణంగా సాధ్యపడదు. గెస్ట్ మెమరీ మొత్తాన్నీ ముందే ర్యామ్‌లో కట్టిపడేయాలి. కార్డు మొత్తాన్ని ఒకే మెషీన్‌కు ఇవ్వనక్కరలేని దారీ ఉంది: ఎస్ఆర్-ఐఓవీ ఉన్న కార్డయితే ఒక్క పోర్టే పలు కార్డులుగా కనిపించి, ఒక్కో మెషీన్‌కు ఒక్కోటి దక్కుతుంది.

క్లౌడ్ తెరల మీదే వర్చువలైజేషన్ నేర్చుకున్న విద్యార్థికి ఈ గ్రూపుల గొడవ కనబడనే కనబడదు. ల్యాబ్‌లకు సర్వర్లు కొనే కమిటీలైనా టెండరులో కోర్లు, ర్యామ్ పక్కన ఐఓఎంఎంయూ గ్రూపుల గురించి ఒక వాక్యం చేర్చాలి.